గోడ మీద ఫోటోలో ఉన్నది మా తాతమ్మేనా? పాత ఫోటోల్లో మనుషుల్ని, ఊళ్ళని గుర్తుపట్టడం ఎలా

ఈ ఎపిసోడ్ మొదట్లోనే ఒక తప్పు ఒప్పుకోవాలి. రెండు నెలల క్రితం పాత గోదావరి ఫోటోల మీద ఒక షార్ట్ పెట్టాను. అందులో మా ఇంటి ఫోటో ఒకటి చూపించి, "ఇది రాజమండ్రి, పుష్కరాలప్పుడు తీసింది, 1950కి ముందుది, మధ్యలో నిలబడ్డావిడ మా తాతమ్మ" అని గడగడా చెప్పేశాను. ఆ వాక్యంలో నాలుగు ముక్కలున్నాయి కదా. ఊరు కరెక్టే. పుష్కరాలు కూడా కరెక్టే, ఎందుకంటే వెనకాల పెన్సిల్‌తో ‘పుష్కరాలు’ అని రాసి ఉంది. మిగతా రెండూ తప్పు. వాటిలో ఒక తప్పు నాది, రెండోది మా ఇంట్లో నలభై ఏళ్ళుగా గోడకి వేలాడుతోంది.

తాతమ్మ అంటే మా తాతయ్య వాళ్ళమ్మ. మా ఇంటి హాల్లో ఆవిడ ఫోటో పెద్ద ఫ్రేములో ఉంటుంది. ఏటా తద్దినం రోజు మా మామ్మ దానికి దండ వేసి, బొట్టు పెట్టి దండం పెట్టుకుంటుంది. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ముఖం అది. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అటక మీద ట్రంకు పెట్టెలో ఒక గ్రూపు ఫోటో దొరికింది. గోదావరి ఘాటు మెట్ల మీద ఏడెనిమిది మంది. మధ్యలో అదే ముఖం, అదే కాస్త పక్కకి వంచిన మెడ. అంటే గోడ మీద ఉన్నది ఈ ఫోటోలోంచి కత్తిరించి పెద్దది చేయించినదన్నమాట. నాకు భలే ఉత్సాహం వచ్చింది. ఫోన్‌తో ఫోటో కొట్టుకుని హైదరాబాద్ వచ్చేసి, ఇంట్లో ఒక్కళ్ళకీ చూపించకుండా షార్ట్ పెట్టేశాను.

1950కి ముందు అని ఎలా చెప్పానంటారా? తాతమ్మ పోయింది యాభై మూడు వరదల ఏడాది అని నాన్న చెప్పగా విన్నాను. తాతమ్మ ఫోటోలో ఉంది కాబట్టి ఫోటో పాతది. ఫోటో పాతది కాబట్టి అందులో ఉన్నది తాతమ్మే. కోడ్ రాసేవాళ్ళకి అర్థమవుతుంది, దీన్ని సర్క్యులర్ డిపెండెన్సీ అంటాం. ఐదేళ్ళు ఉద్యోగంలో ఇలాంటివి పట్టుకుని జూనియర్లని తిట్టినవాణ్ణి, నా ఇంటి ఫోటో దగ్గరకొచ్చేసరికి నేనే చేశాను. పైగా బ్లాక్ అండ్ వైట్ కనబడితే చాలు, మనం దాన్ని స్వాతంత్ర్యానికి ముందుకి తోసేస్తాం. చిన్న ఊళ్ళ స్టూడియోల్లో ఎనభైల్లో కూడా బ్లాక్ అండ్ వైటే తీసేవాళ్ళు. మీ అమ్మానాన్నల పెళ్ళి ఆల్బమ్ తీసి చూడండి.

అసలు విషయం తర్వాత బయటపడింది. ఒరిజినల్ ప్రింటు తెప్పించుకుని స్కానర్ మీద పెట్టి 1200 డీపీఐలో స్కాన్ చేశాను. ఫోన్‌లో కొట్టిన ఫోటోలో మనుషుల తలల వెనకాల, నీళ్ళకి పైన, ఒక నల్లటి గీత మాత్రమే కనిపించింది. హేవలాక్ వంతెన అనుకుని వదిలేశాను. స్కాన్‌లో జూమ్ చేస్తే అది ఒక గీత కాదు. కింద ఒకటి, పైన ఒకటి, మధ్యలో త్రికోణాలు. పై గీత మీద చిన్న డబ్బాలా ఏదో ఉంది. ఇంకా జూమ్ చేశాను. బస్సు.

గోదావరి వాళ్ళకి ఇక్కడే లైటు వెలిగి ఉంటుంది. మిగతావాళ్ళకి చెప్తాను. రాజమండ్రి దగ్గర నది మీద మొదటి రైలు వంతెన హేవలాక్. 1897లో పని మొదలై 1900లో రైళ్ళు నడిచాయి. రాతి స్తంభాలు, వాటి మీద ఇనుప గర్డర్లు, ఒకే లైను. దాని మీద బస్సు పోయే ప్రశ్నే లేదు. రెండోది రోడ్డు, రైలు కలిసిన వంతెన. కింద రైలు, పైన రోడ్డు. అది మొదలైంది 1974లో. మూడోది మీరు పోస్టర్లలో చూసే ఆర్చిల వంతెన, 1997లో వచ్చింది. అది వచ్చాక హేవలాక్‌కి రిటైర్మెంట్ ఇచ్చేశారు. తీసెయ్యలేదు, ఇప్పటికీ పక్కనే నిలబడి ఉంది. నాలుగోది 2015 పుష్కరాల ఏడాదికి వచ్చిన రోడ్డు వంతెన, మా వైపు గామన్ బ్రిడ్జి అంటారు.

కాబట్టి రాజమండ్రి గోదావరి ఫోటోలో నది బాగా కనిపిస్తుంటే మీరు చెయ్యాల్సింది వంతెనలు లెక్కపెట్టడమే. ఒక్క వంతెనా లేకపోతే 1900కి ముందు. రెండంతస్తుల వంతెన కనిపిస్తే 1974కి ముందు కానే కాదు. ఒక్కటే జాగ్రత్త. ఫ్రేములో పడలేదంటే లేదని అర్థం కాదు, కెమెరా అటువైపు తిరగలేదంతే. ఉన్నదాన్ని బట్టి గట్టిగా చెప్పొచ్చు, లేనిదాన్ని బట్టి చెప్పేటప్పుడు ఫోటో తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడో ముందు తేల్చుకోవాలి.

ఇది ప్రతి ఊళ్ళోనూ పనిచేస్తుంది. హైదరాబాద్ తీసుకోండి. చార్మినార్‌కి నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. గడియారం ఉండాల్సిన చోట ఖాళీగా ఉంటే ఫోటో అంతకంటే పాతది. మూసీ ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు కనబడుతున్నాయా? ఆ భవనం 1920లో ప్రారంభమైంది. అలాంటి ఫోటోకి ‘1908 మూసీ వరద’ అని రాసి తిప్పితే నవ్వి ఊరుకోండి. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ 1957 డిసెంబరులో ప్రారంభించారు. దానికి ముందు అక్కడ ఉన్నది పాత ఆనకట్ట, అది 1952లో తెగిపోయింది. బండి నంబరు కూడా మంచి సాక్షే. ఆంధ్రప్రదేశ్‌లో ‘ఏ’తో మొదలయ్యే మూడు అక్షరాల నంబరు కనిపిస్తే 1989కి ముందు రిజిస్టర్ చేసిన బండి. ‘ఏపీ’ అని, పక్కన జిల్లా అంకె ఉంటే ఆ తర్వాతది. తెలంగాణలో ‘టీఎస్’ 2014లో వచ్చింది, ‘టీజీ’ 2024లో.

గోడ మీద సినిమా పోస్టర్ దగ్గర మాత్రం చాలామంది బోల్తా పడతారు. ‘మాయాబజార్’ పోస్టర్ ఉంటే ఫోటో 1957 అని రాసేస్తారు. సినిమా వచ్చింది 1957లోనే, ఒప్పుకుంటాను. కానీ ఆ సినిమా ఎన్నిసార్లు మళ్ళీ ఆడిందో మీ తాతగారిని అడగండి. పోస్టర్ చెప్పేది ‘ఇంతకంటే ముందు కాదు’ అని మాత్రమే. ఎప్పటిదాకా అనేది చెప్పదు. దానికి ఇంకో ఆధారం కావాలి. ఇటో మేకు, అటో మేకు కొడితేనే తాడు బిగుస్తుంది.

ఇంకోటి, ఫోటో తిరగబడిందేమో చూడండి. నెగటివ్‌ని తిప్పి పెట్టి ప్రింటు వేస్తే కుడి ఎడమవుతుంది. బోర్డు మీద అక్షరాలు ఉంటే వెంటనే తెలిసిపోతుంది. అక్షరాలు లేకపోతే మగవాళ్ళ చొక్కా గుండీలు ఎటు ఉన్నాయో, ఆడవాళ్ళ పమిట ఏ భుజం మీద ఉందో చూడండి. ఇది చూసుకోకుండా వీధి మ్యాప్‌తో పోల్చుకుంటూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది. నాకెక్కింది, ఒక ఆదివారమంతా.

సరే, మా ఫోటోకి వద్దాం. 1974 తర్వాత తీసిన ఫోటోలో 1953లో పోయిన మనిషి ఉండదు. స్కాన్ కాపీ నాన్నకి వాట్సాప్‌లో పంపి ఫోన్ చేశాను. ముందు ‘వరద ఏడాది’ ఏదో ఖాయం చేసుకోవాలి, ఎందుకంటే మా వైపు పెద్దవాళ్ళు వరద అంటే రెండు ఉంటాయి, యాభై మూడు, ఎనభై ఆరు. నాన్న నవ్వాడు. "ఎనభై ఆరులో నేను ఇంటరు చదువుతున్నాను రా. నేను పుట్టకముందే పోయింది మా మామ్మ. యాభై మూడే." తర్వాత ఫోటో తెరిచి కాసేపు మాట్లాడలేదు. "పక్కన నిలబడింది మా నాన్న. జుట్టు నెరిసింది చూడు. మరి మామ్మ పక్కన ఎలా ఉంటుంది?" అన్నాడు.

మా తాతయ్య 1988లో పోయాడు. ఆయన ఫోటోలో ఉన్నాడు, వెనకాల 1974 వంతెన ఉంది. రెండు మేకులూ దొరికాయి. గోదావరి పుష్కరాలు పన్నెండేళ్ళకోసారి. 1967, 1979, 1991. ఆ రెండు మేకుల మధ్య పడేది 1979 ఒక్కటే. పెన్సిల్‌తో రాసిన ఒక్క మాట, ఒక బస్సు, ఒక మనిషి పోయిన సంవత్సరం కలిస్తే సంవత్సరం దొరికింది. ఊరు, కాలం మా ఇంట్లో ఎవరినీ పెద్దగా అడక్కుండానే తేలాయి. కానీ ఆవిడ ఎవరు?

మనిషి దగ్గరకొచ్చేసరికి ఈ తెలివితేటలేవీ పనికిరావు. వంతెన ఇప్పటికీ అక్కడే ఉంది, వెళ్ళి పోల్చుకోవచ్చు. మనుషులకి ఆ సౌకర్యం లేదు. అయినా ముందు నా చేతిలో ఉన్న పనిముట్టే వాడాను. ముఖాన్ని ఒక ఏఐ యాప్‌లో పెట్టి షార్ప్ చేయమన్నాను. అద్భుతంగా వచ్చింది. చర్మం మీద ముడతలు, కంట్లో మెరుపు, ముక్కుకి చక్కటి ముక్కుపుడక. అసలు ప్రింటులో ముక్కు దగ్గర ఉన్నది మచ్చో, దుమ్మో తెలియని ఒక చుక్క. ఆ చుక్కలో ఏముందో యాప్‌కి తెలియదు. లక్షల ముఖాలు చూసి, ఇలాంటి చోట మామూలుగా ఏముంటుందో అది గీసింది. బోర్డు మీద మసకగా ఉన్న అక్షరాలకీ అదే పని చేస్తుంది, చదవడానికి బాగుండే ఏదో అక్షరం పెడుతుంది. నేను ఆ ముక్కుపుడకని పట్టుకుని ఇంకో ఎపిసోడ్ చేసేవాణ్ణే. అందుకే చెప్తున్నాను, గుర్తుపట్టడానికి ఎప్పుడూ ముట్టుకోని స్కానే వాడండి.

పాత ఫోటోల విషయంలో పేర్లు ఎవరికి మిగిలాయో చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. రాజా దీన్ దయాళ్ పేరు వినే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో. ఆయన స్టూడియో గాజు నెగటివ్‌లు 2857 ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. గాజు మీదే నంబర్లు వేసేవాళ్ళు, కాబట్టి చాలావాటిని వరసలో పెట్టుకోవచ్చు. నవాబుల పేర్లు, దొరల పేర్లు ఉంటాయి. గుర్రం కళ్ళెం పట్టుకున్నవాడి పేరు, గొడుగు పట్టినవాడి పేరు ఉండవు. అన్నట్టు, 1908 వరద ఫోటో ఏది కనిపించినా ‘దీన్ దయాళ్ స్వయంగా తీసింది’ అని రాసేవాళ్ళున్నారు. ఆయన 1905లోనే పోయారు. స్టూడియో ఆయన పేరు మీద నడిచింది, అంతే.

దీనికంటే ఘోరమైనది కరువు ఫోటోలు. ఎముకల గూళ్ళలా కూర్చున్న మనుషుల ఫోటో ఒకటి నాకు ‘గుంటూరు డొక్కల కరువు, 1832’ అని ఫార్వర్డ్ వచ్చింది. ఫోటోగ్రఫీ అనేదాన్ని ప్రపంచానికి ప్రకటించిందే 1839లో. డొక్కల కరువుకి ఫోటో ఉండే అవకాశమే లేదు. అది 1876-78 కరువు, మా పెద్దవాళ్ళు ధాత కరువు అనేది. ఆనాటి మద్రాసు రాష్ట్రంలో, మన కర్నూలు, కడప వైపు కూడా, లక్షల మందిని మింగింది. విల్లోబీ హూపర్ అనే బ్రిటిష్ సైనికాధికారి అలాంటి ఫోటోలు తీశాడు, మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి. అవే ఫోటోలు 1943 బెంగాల్ కరువు పేరుతో కూడా తిరుగుతుంటాయి. తీసినవాడి పేరు దొరుకుతుంది, సంవత్సరం దొరుకుతుంది. కూర్చున్నవాళ్ళలో ఒక్కరి పేరు కూడా ఆ ఫోటోలతో పాటు రాలేదు. చుట్టూ ఉన్నవాళ్ళని ఆరోజే ఎవరైనా అడిగి ఉంటే తెలిసేది.

మా ఇంట్లో అడగడానికి ఇంకా ఒక మనిషి ఉంది. మామ్మకి ఎనభై దాటాయి. శుక్రవారం రాత్రి బస్సెక్కి శనివారం పొద్దున్న ఇంట్లో దిగాను.

ఇక్కడ నా అనుభవంలో నేర్చుకున్న ఒక చిన్న కిటుకు. పెద్దవాళ్ళకి ఫోటో చూపించి "ఇది తాతమ్మే కదా?" అని అడక్కూడదు. "ఆ, అవును నాన్నా" అంటారు. మనల్ని కాదనడం ఇష్టం ఉండదు, పైగా పేరు మనమే అందించేశాం. నేను ఇన్నేళ్ళూ ఆ ఫ్రేమ్ గురించి ఎప్పుడు అడిగినా అలాగే అడిగాను. ఈసారి ఏమీ చెప్పకుండా గ్రూపు ఫోటో చేతికిచ్చి, "ఆ రోజు ఏం జరిగింది మామ్మా?" అన్నాను. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టాను, చెప్పే పెట్టాను.

కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "డెబ్బై తొమ్మిది పుష్కరాలు. జనం ఇసకేస్తే రాలనట్టు. మా పినత్తగారు ఖరగ్‌పూర్ నుంచి వచ్చింది," అంది.

"ఎవరావిడ?"

"ఇదిగో, మధ్యలో. మీ తాతయ్యకి పిన్ని. ఆవిడ మగడిది రైల్వే వర్క్‌షాపులో పని. అప్పటికే పోయాడు పాపం."

నేను గోడ వైపు చూశాను. మామ్మ కూడా చూసింది. నేను అడిగేది ఆవిడకి అర్థమైంది.

చెప్పినదంతా రాస్తే చాలా ఉంది, ముఖ్యమైనది చెప్తాను. మా తాతమ్మకి బతికుండగా ఒక్క ఫోటో కూడా తీయించలేదు. మామ్మకి పెళ్ళయి ఆ ఇంటికొచ్చింది యాభై ఎనిమిదిలో, అప్పటికి అత్తగారు లేరు, ఆవిడా చూడలేదు. పుష్కరాలకి పిన్ని వచ్చి గుమ్మంలో నిలబడగానే తాతయ్య బావురుమన్నాడట, అమ్మే వచ్చినట్టుందని. అక్కచెల్లెళ్ళు అచ్చుగుద్దినట్టు ఉండేవాళ్ళట. ఘాటు దగ్గర తిరిగే ఫోటోగ్రాఫర్ ఒకడు ఈ ఫోటో తీసి, డబ్బులు తీసుకుని, పోస్టులో పంపాడు. తర్వాత తాతయ్య రాజమండ్రి వెళ్ళి ఒక స్టూడియోలో పిన్ని ముఖం ఒక్కటీ పెద్దది చేయించాడు. ఆవిడ నుదురు ఖాళీగా ఉంది. తాతమ్మ పోయింది ముత్తైదువుగా. అందుకని స్టూడియో వాడితో బొట్టు పెయింట్ చేయించాడు.

నేను లేచి ఫ్రేమ్ దగ్గరికెళ్ళి చూశాను. చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఆ గుండ్రటి బొట్టు దగ్గరగా చూస్తే కుంచె అంచు తెలుస్తోంది. గ్రూపు ఫోటోలో నుదుటి మీద ఏమీ లేదు. ఏఐ యాప్‌ని అంతసేపు తిట్టుకున్నాను కదా, ఆ పని మా ఇంట్లో ఎప్పుడో అయిపోయింది, అదీ ప్రేమతో.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేంటి మామ్మా?"

"నన్నెవరడిగార్రా? మీ తాతయ్య అమ్మ అన్నాడు. నేను మా అత్తగారికనే దండ వేశాను. మీ నాన్న చిన్నపిల్లాడు, వాడికేం తెలుసు."

నాన్నకి ఖరగ్‌పూర్ నుంచి ఎవరో పెద్దావిడ వచ్చినట్టు, మిఠాయి తెచ్చినట్టు గుర్తుందట. ఆ ముఖం, గోడ మీద ముఖం ఒకటేనని పదకొండేళ్ళ పిల్లాడికి తట్టలేదు. తర్వాత రోజూ చూసే ముఖం కాబట్టి ఇంకెప్పుడూ తట్టలేదు. ఆవిడ మళ్ళీ ఈ వైపు రాలేదు. మామ్మ ఆవిడ పేరు, ఇంటిపేరు, పిల్లల పేర్లు చెప్పింది. వాళ్ళ కుటుంబాన్ని అడక్కుండా ఇక్కడ చెప్పను. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తరాలుగా ఉన్న తెలుగువాళ్ళు చాలామంది, వెతకడం మొదలుపెట్టాను. ఆవిడ మనవలకి ఆవిడ ఫోటో ఉందో లేదో కూడా మాకు తెలియదు. బొట్టు లేని ఒరిజినల్ స్కాన్ వాళ్ళ కోసం విడిగా పెట్టాను.

ఫ్రేమ్ తీసెయ్యాలా అని నాన్న అడిగాడు. మామ్మ ఒప్పుకోలేదు. అది అక్కడే ఉంటుంది. వెనక అట్ట మీద మాత్రం ఎవరిదో, ఎందుకు పెట్టారో ఒక కాగితం మీద రాసి అతికించాం.

గ్రూపు ఫోటో వెనకాల మెత్తటి పెన్సిల్‌తో రాశాను, పెన్నయితే అచ్చు ముందువైపుకి పడుతుంది, ఇంకు ఊరుతుంది. ఎడమ నుంచి కుడికి వరసగా. మామ్మ చెప్తుంటే నేను రాశాను. ఏడుగురి పేర్లు దొరికాయి. కుడివైపు చివర లాగు వేసుకున్న కుర్రాడు ఎవరో ఆవిడకీ తెలియదు, మనవాడు కాదు, కెమెరా చూసి వచ్చి నిలబడ్డాడంది. ‘తెలియని అబ్బాయి’ అని రాశాను.

"నువ్వేవి మామ్మా ఇందులో?" అన్నాను చివర్లో.

"సామాన్ల దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి కదా," అంది. ఫోన్ తీసుకుని స్కాన్‌ని తనే రెండు వేళ్ళతో పెద్దది చేసింది, ఈమధ్య నేర్చుకుంది. ఎడమ అంచుకి జరిపింది. అక్కడ గళ్ళ దుప్పటి మూట సగం కనబడుతోంది, దాని మీద ఒక మోచెయ్యి. నేను ఆ మూలని కనీసం యాభై సార్లు చూసి ఉంటాను.

"ఇదిగో, ఇది నా చెయ్యి," అంది.

అది కూడా రాశాను.